సెయింట్ అగస్టీన్ లైట్‌హౌస్: దెయ్యాల కథల వెనక ఉన్న మనుషులను తెలుసుకుని, 219 మెట్లు ఎక్కి రావడానికి పూర్తి గైడ్

అమెరికాలో దెయ్యాలున్నాయని పేరుపడ్డ లైట్‌హౌస్‌ల గురించి ఎక్కడ చదివినా ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ పేరు ముందు వరుసలోనే కనిపిస్తుంది. నలుపు తెలుపు చారలు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి, వాటి మీద ఎర్రటి శిఖరం. ఎత్తు 165 అడుగులు. 1874 అక్టోబర్ 15న తొలిసారి వెలిగింది, ఇప్పటికీ ప్రతి రాత్రీ వెలుగుతూనే ఉంది. జాక్సన్‌విల్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది గంట ప్రయాణం. ఓర్లాండో నుంచి రెండు గంటల లోపే. డిస్నీ చూడటానికి వచ్చే చుట్టాలను తీసుకెళ్లడానికి ఇంతకంటే మంచి ఒకరోజు ట్రిప్ ఆ చుట్టుపక్కల లేదని నా నమ్మకం.

అయితే చాలామంది గబగబా మెట్లెక్కి, నాలుగు సెల్ఫీలు తీసుకుని, "దెయ్యం ఏదీ కనపడలేదే" అనుకుంటూ దిగిపోతారు. ఇక్కడ చనిపోయినవాళ్లు ఊహల్లోంచి పుట్టినవాళ్లు కారు. వాళ్లు ఎవరో తెలుసుకుని వెళ్తే అదే టవర్ పూర్తిగా వేరుగా కనిపిస్తుంది. అందుకే ఈ గైడ్‌లో రూటు కంటే ముందు కథలే చెబుతున్నాను.

మొదటి పని: ఇంట్లోనే కథ తెలుసుకోండి

1870ల మొదట్లో ఈ టవర్ కడుతున్నప్పుడు పనులు చూసుకునే సూపరింటెండెంట్ హెజెకియా పిట్టీ. ఉత్తరాన మెయిన్ రాష్ట్రం నుంచి కుటుంబంతో సహా వచ్చి, పని జరిగేచోటే కాపురం పెట్టాడు. ఇటుకలు అలబామా నుంచి, ఇనుప సామాను ఫిలడెల్ఫియా నుంచి రావాలి. అవన్నీ పడవల్లో ఒడ్డుకు చేరేవి. అక్కడి నుంచి కట్టడం దాకా చిన్న పట్టాలు వేసి, ఒక బండి మీద సామాను లాగేవారు. పిల్లలకు ఆ బండే ఆట. పై నుంచి ఎక్కి కూర్చుంటే పట్టాల మీద జర్రున జారి నీటి ఒడ్డు దాకా వచ్చేది. చివర్లో అడ్డంగా ఒక చెక్క ఉండేది, బండి దానికి తగిలి ఆగేది.

1873 జూలై 10న ఆ చెక్క అక్కడ లేదు. బండి నీళ్లలోకి దూసుకెళ్లి బోర్లా పడింది, పిల్లలు దాని కింద చిక్కుకున్నారు. కూలీలు పరుగెత్తుకొచ్చి బండిని పైకి లేపి ఇద్దరిని కాపాడగలిగారు. పిట్టీ కూతుళ్లు మేరీ, ఎలైజా చనిపోయారు. వాళ్లతో ఆడుకుంటున్న ఒక నల్లజాతి బాలిక కూడా చనిపోయింది, ఆమెకు పదేళ్లు. పిట్టీ అమ్మాయిల పేర్లు ప్రతి దెయ్యం కథలోనూ వినిపిస్తాయి. మూడో అమ్మాయి పేరు చాలా కథనాల్లో కనిపించదు. మీరు ఈ కథ మీ పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం ముగ్గురు అనే చెప్పండి.

రాత్రిపూట టవర్‌లో ఆడపిల్లల నవ్వులు వినిపిస్తాయని, నీలం గౌను వేసుకున్న అమ్మాయి కనిపిస్తుందని చెప్పుకునే కథలకు మూలం ఇదే.

రెండో కథ జోసెఫ్ ఆండ్రూది. ఆయన లైట్‌హౌస్ కీపర్, అంటే దీపం బాధ్యత మొత్తం చూసుకునే మనిషి. 1859 డిసెంబర్‌లో టవర్‌కి రంగు వేస్తుండగా ఆయన నిలబడ్డ పరంజా తెగిపోయింది, కింద పడి చనిపోయాడు. భర్త పోయాక ఆ దీపం బాధ్యతను భార్య మరియా ఆండ్రూ తీసుకుంది. అమెరికా కోస్ట్ గార్డ్ చరిత్రలో ఆమెది పెద్ద స్థానం. ఆ సేవలో పనిచేసిన తొలి హిస్పానిక్ మహిళగా ఆమెను ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. పై బాల్కనీలో ఒక ఆడమనిషి నిలబడి కిందికి చూస్తుంటుందని, ఆమె మరియానే అని అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆండ్రూ పడిపోయింది ఇప్పుడు మీరు ఎక్కే టవర్ మీద నుంచి కాదు. అప్పటికి ఈ టవర్ పుట్టనేలేదు. స్పానిష్ వాళ్ల కాలం నాటి కాపలా బురుజును 1824లో లైట్‌హౌస్‌గా మార్చారు, ఆండ్రూ దంపతులు పనిచేసింది దాంట్లో. సముద్రం ఒడ్డును కోసుకుంటూ దగ్గరికి వచ్చేసరికి కొత్త టవర్ కట్టాల్సి వచ్చింది. పాతది 1880లో తుపానుకు సముద్రంలో కూలిపోయింది. ఎవరైనా గైడ్ గానీ తోటి టూరిస్టు గానీ "ఇదిగో, ఈ రైలింగ్ దగ్గర నుంచే పడ్డాడు" అంటే మీకు అసలు సంగతి తెలిసి ఉంటుంది.

ఇంకో ఇద్దరి గురించి టూకీగా. సివిల్ వార్‌లో పోరాడిన మేజర్ విలియం హార్న్ 1875 నుంచి ఇక్కడ కీపర్, ఆరుగురు ఆడపిల్లల తండ్రి. 1889లో క్షయతో పోయాడు. 1900ల మొదట్లో చాలా ఏళ్లు కీపర్‌గా ఉన్న పీటర్ రాస్ముసన్‌కి చుట్టలంటే ఇష్టమట. ఎవరూ లేనిచోట చుట్ట వాసన వస్తే అది ఆయనే అంటారు.

ఎప్పుడు వెళ్లాలి

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో అయితే పొద్దున తలుపులు తీసే టైమ్‌కే అక్కడుండండి. టవర్‌లో ఏసీ లేదు, లిఫ్ట్ లేదు. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో ఫ్లోరిడాలో మధ్యాహ్నం దాటాక దాదాపు ప్రతిరోజూ ఉరుములతో వాన కొడుతుంది. చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే టవర్ ఎక్కనివ్వరు, అది తప్పని నియమం. చాలామంది మధ్యాహ్నం రెండింటికి వచ్చి, మబ్బులు చూసి ఉసూరుమంటూ నిలబడేది అందుకే. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ సీజన్ కూడా, కాబట్టి బయల్దేరే ముందు వాతావరణం చూసుకోండి.

నవంబర్ మధ్య నుంచి ఊరంతా లైట్లతో అలంకరిస్తారు. చూడటానికి చాలా బాగుంటుంది కానీ శని, ఆదివారాల్లో పాత ఊళ్లో పార్కింగ్ దొరకడం గగనం. ఆ రోజుల్లో వెళ్తే ముందు లైట్‌హౌస్ చూసేసి, కారు ఊరి బయటే ఎక్కడైనా పెట్టుకోవడం మేలు.

టికెట్ ధరలు, తెరిచే వేళలు మారుతుంటాయి. లైట్‌హౌస్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ రోజు వివరాలు చూసుకుని, టికెట్ అక్కడే కొనుక్కోండి. రాత్రి టూర్ కూడా చేయాలనుకుంటే దానికి వేరే టికెట్, ముందుగా బుక్ చేసుకోవాలి.

దారి

లైట్‌హౌస్ ఉన్నది అనస్టేషియా ద్వీపం మీద, పాత ఊరికి అవతలి ఒడ్డున. జాక్సన్‌విల్ నుంచి ఐ-95 మీద దక్షిణంగా వస్తే 318వ ఎగ్జిట్ పాత ఊళ్లోకి తీసుకెళ్తుంది. అక్కడి నుంచి బ్రిడ్జ్ ఆఫ్ లయన్స్ దాటాలి. 1927లో కట్టిన అందమైన వంతెన, రెండు పాలరాతి సింహాలు కాపలా. కానీ అది పడవల కోసం మధ్యలో తెరుచుకునే వంతెన, ఊరు రద్దీగా ఉన్నప్పుడు అక్కడే చాలాసేపు ఆగిపోవచ్చు. తొందరగా చేరాలంటే 311వ ఎగ్జిట్‌లో దిగి, 207వ రోడ్డు, ఆపైన 312వ రోడ్డు మీదుగా వంతెన దాటి ఎ1ఎ మీద ఉత్తరంగా రండి. ఓర్లాండో వైపు నుంచి వచ్చేవాళ్లకు ఈ దారే సరైనది. ఎలిగేటర్ ఫామ్ కనిపించిందంటే వచ్చేసినట్టే, లైట్‌హౌస్‌కి వెళ్లే సందు దానికి ఎదురుగానే ఉంటుంది.

ఎవరు ఎక్కగలరు, ఎవరు ఎక్కకూడదు

మన కుటుంబాలు సాధారణంగా నానమ్మ నుంచి చంటిపిల్ల దాకా కలిసే వెళ్తాయి కాబట్టి ఇది విడిగా చెప్పాలి. టవర్ ఎక్కాలంటే పిల్లలు కనీసం 44 అంగుళాల ఎత్తు ఉండాలి, అంటే 112 సెంటీమీటర్లు. తమంతట తాము ఎక్కి దిగగలగాలి. ఎత్తుకుని ఎక్కడం కుదరదు, ఎంత బతిమాలినా ఒప్పుకోరు. అది మంచిదే కూడా. ఆ ఇనుప మెట్ల మీద పిల్లను చంకనేసుకుని ఒక చేత్తో రైలింగ్ పట్టుకోవడం నిజంగా ప్రమాదం.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే మొహమాటానికి ఎక్కించకండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, మోకాళ్ల పని పట్టేది మాత్రం దిగేటప్పుడే. కింద వాళ్లకు చూడటానికి చాలా ఉంది. 1876 నాటి కీపర్ల ఇల్లు, దాని వరండాలు, పెద్ద ఓక్ చెట్ల నీడ, పాత పద్ధతిలో చెక్క పడవలు తయారుచేసే చోటు అన్నీ నేల మీదే ఉన్నాయి. ఎత్తులంటే కళ్లు తిరిగేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. మెట్ల పలకలు గట్టి ఇనుపరేకులు కావు, వాటిలో కంతలుంటాయి. కిందికి చూస్తే అడుగు దాకా కనిపిస్తుంది. కొందరికి సగం దారిలో టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు చూపు గోడ మీద పెట్టి నడవండి, కాసేపటికి సర్దుకుంటుంది.

బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. వదులు చున్నీలు, చీర కొంగులు బిగించుకోండి. బ్యాగులు కారులోనే వదిలేయండి.

ఎక్కడం

మెట్లు మొదలయ్యేచోట కాసేపు ఆగండి. సరిగ్గా మధ్యలోకి తల ఎత్తి చూస్తే మెట్లన్నీ ఒక సుడిలా పైకి పోతూ కనిపిస్తాయి. ఫొటో ఇప్పుడే తీసుకోండి, జనం పెరిగాక కుదరదు.

కరెంటు రాకముందు పైనున్న దీపానికి చమురు కావాలి. ఆ చమురు కింద నుంచి మోయాల్సిందే. ఒక్కో బకెట్ సుమారు 30 పౌండ్లు, దాదాపు 14 కిలోలు. దాన్ని చేత్తో పట్టుకుని 219 మెట్లు. అది చాలదన్నట్టు, దీపం తిరగడానికి గడియారం లాంటి యంత్రం ఒకటి ఉండేది, దాని బరువులను కొన్ని గంటలకోసారి చేత్తో పైకి చుట్టాలి. వత్తులు కత్తిరించాలి, మసి తుడవాలి, అద్దాలు మెరిసేలా ఉంచాలి. తెల్లవార్లూ ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. 1936లో కరెంటు దీపం వచ్చింది, 1955లో అంతా ఆటోమేటిక్ అయింది. ఆ తర్వాతే ఇక్కడ కీపర్ అవసరం లేకుండా పోయింది.

ఎక్కేటప్పుడు పోటీలు పెట్టుకోకండి. మధ్యమధ్యలో ఆగడానికి చోటు ఉంది, కిటికీలున్నాయి. ప్రతి మజిలీ దగ్గరా ఊపిరి తీసుకుని, కిటికీలోంచి చెట్లు ఎలా కిందికి జారిపోతున్నాయో చూడండి. పై నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వండి. పిల్లలు ముందు, పెద్దవాళ్లు వెనక ఉంటే మంచిది.

ఇక్కడే శబ్దాల సంగతి కూడా చెప్పాలి. టవర్ లోపల మాట ఎంతో దూరం పోతుంది. పైన ఎవరో గుసగుసలాడితే కింద మీ చెవి పక్కన మాట్లాడినట్టు వినిపిస్తుంది. పగలు ఎండకు వేడెక్కిన ఇనుము సాయంత్రం చల్లబడేటప్పుడు టక్కుమని చప్పుడు చేస్తుంది, అది అడుగుల చప్పుడులాగే ఉంటుంది. పైన తలుపు తెరిస్తే గాలి ఈల వేసుకుంటూ కిందికి దిగుతుంది. ఇవి పగలే గమనించి పెట్టుకోండి. రాత్రి అదే శబ్దం విన్నప్పుడు ఏది మామూలో ఏది కాదో మీరే నిర్ణయించుకోగలుగుతారు. దెయ్యాలను నమ్మేవాళ్లకు కూడా ఈ సలహా పనికొస్తుంది, ఎందుకంటే నమ్మకం ఉన్నవాళ్లకే తేడా తెలియడం ఎక్కువ అవసరం.

పైన

తలుపు తీసి బాల్కనీలోకి అడుగు పెట్టగానే గాలి ఒక్కసారిగా కొడుతుంది. టోపీ, కళ్లజోడు, ఫోన్ అన్నీ గట్టిగా పట్టుకోండి. ఇక్కడి నుంచి కింద పడ్డ ఫోన్ మరొకరి తల మీద పడుతుంది.

తూర్పున అట్లాంటిక్. దానికి ఇవతల ఇసుకతిన్నెలు, సాల్ట్ రన్ అనే పాయ. పిట్టీ పిల్లలు ఆడుకున్నది ఈ నీటి ఒడ్డునే. పాత టవర్ కూలిన చోటు కూడా ఈ సముద్రం వైపే. కాసేపు ఇటే చూడండి. తర్వాత పడమరకు తిరిగితే మటాంజస్ బే, దాని అవతల పాత ఊరు. 1672లో మొదలుపెట్టి స్పానిష్ వాళ్లు కట్టిన కస్తీయో దె సాన్ మార్కోస్ కోట, 1888లో హోటల్‌గా తెరిచి ఇప్పుడు ఫ్లాగ్లర్ కాలేజీగా ఉన్న భవనం బురుజులు, 208 అడుగుల పెద్ద శిలువ కనిపిస్తాయి. ఈ ఊరు 1565 నుంచి ఉంది. కోటకు వాడిన కోకీనా అనే గవ్వరాయిని ఈ ద్వీపం మీదే తవ్వారు. గవ్వలు, ఇసుక వేల ఏళ్లు కలిసి గట్టిపడి అయిన రాయి అది. ఫిరంగి గుండు తగిలితే పగలకుండా లోపలికి గుచ్చుకునేది.

ఇక మీ తల మీద ఉన్న లెన్స్. దీన్ని పారిస్‌లో చేశారు, లైట్‌హౌస్‌లకు వాడే వాటిలో అతి పెద్ద తరగతుల్లో ఒకటి. చేత్తో కోసిన వందల గాజు పట్టకాలు వరసలు వరసలుగా పేర్చి, పెద్ద తేనెపట్టు ఆకారంలో నిలబెట్టారు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫ్రెనెల్ ఆలోచన ఇది. మధ్యలో ఉన్న దీపం నుంచి నలుదిక్కులా చెదిరిపోయే వెలుగును ఆ గాజు వంచి, మళ్లించి, సముద్రం మీదికి ఒకే అడ్డపట్టీగా పంపుతుంది. అందుకే నూనె దీపంతోనే ఓడలకు అంత దూరం కనిపించేది.

1986లో ఎవరో తుపాకీతో ఈ లెన్స్ మీద కాల్చారు. 19 పట్టకాలు దెబ్బతిన్నాయి. లెన్స్ తీసేసి మామూలు ఆధునిక దీపం పెట్టేద్దామన్న మాట కూడా వచ్చింది. ఆ ఊరి మహిళల స్వచ్ఛంద సంస్థ, సెయింట్ అగస్టీన్ జూనియర్ సర్వీస్ లీగ్, అడ్డం పడింది. 1970లో తగలబడి మొండిగోడలతో మిగిలిన కీపర్ల ఇంటిని అప్పటికే బాగుచేయిస్తున్నది కూడా వాళ్లే. డబ్బు పోగుచేసి, గాజు బాగుచేయించి, 1993లో మళ్లీ వెలిగించారు. మనం ఈరోజు టికెట్ కొనుక్కుని ఎక్కగలుగుతున్నామంటే వాళ్ల పట్టుదల వల్లే. దెయ్యాల వీడియోల్లో వీళ్ల పేరు దాదాపు ఎక్కడా రాదు, అది నాకు బాధగా ఉంటుంది.

దిగాక కీపర్ల ఇల్లు

దీన్ని వదిలేసి వెళ్లిపోకండి. కీపర్ల కుటుంబాలు ఎలా బతికాయో ఇక్కడ చూపిస్తారు. చుట్ట వాసన కథలు, పొడుగాటి మనిషి నీడ కథలు ఎక్కువగా ఈ ఇంటి బేస్‌మెంట్ చుట్టూ తిరుగుతాయి. మ్యూజియం వాళ్ల సముద్రగర్భ పురావస్తు బృందం తవ్వి తీసిన ఓడ శకలాలు కూడా చూడండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1782 డిసెంబర్ ఆఖర్లో, చార్ల్స్‌టన్ వదిలి వస్తున్న బ్రిటిష్ పక్షం కుటుంబాలతో నిండిన ఓడలు ఈ ఊరి ముందున్న ఇసుకమేట మీద మునిగిపోయాయి. అందులో ఒకటి ఈ బృందానికి దొరికింది. ఇక్కడ ఇసుకమేటలు ఓడలను ఎలా మింగేవో చూస్తే, ఒక దీపం కోసం ఇంతమంది ఇంత కష్టం ఎందుకు పడ్డారో అర్థమవుతుంది.

రాత్రి టూర్

మ్యూజియం వాళ్లే "డార్క్ ఆఫ్ ద మూన్" పేరుతో రాత్రి టూర్ నడుపుతారు. గైడ్ కథలు చెబుతూ ఆవరణ, ఇల్లు తిప్పుతారు, టవర్ ఎక్కనిస్తారు. నా మాట వింటే పగలు ఒకసారి చూశాకే దీనికి రండి. పగలు మెట్లు అలవాటైతే చీకట్లో కాలు తడబడదు. కథలో ఎవరు ఎవరో ముందే తెలుస్తుంది కాబట్టి గైడ్‌ని మంచి ప్రశ్నలు అడగొచ్చు. పొద్దున టవర్ ఎక్కి, మధ్యాహ్నం ఊళ్లో విశ్రాంతి తీసుకుని, రాత్రికి మళ్లీ రావడం అన్నిటికంటే బాగుంటుంది.

సాయంత్రం దోమలు, కంటికి కనిపించని చిన్న పురుగులు విపరీతంగా కుడతాయి. దోమల మందు రాసుకుని, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ఫోన్ లైటు ఇతరుల కళ్లలో కొట్టకండి, చీకటికి అలవాటుపడ్డ కళ్లకు మళ్లీ చూపు సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఆవరణలో నిలబడి పైకి చూస్తే వెలుగు నిలకడగా ఉండి, 30 సెకన్లకోసారి పెద్దగా మెరుస్తుంది. లెక్కపెట్టుకోండి, పిల్లలకు సరదాగా ఉంటుంది.

భయపడే పిల్లలను బలవంతంగా తీసుకురావద్దు. ఆ ముగ్గురు అమ్మాయిల పేరు పెట్టి అరవడం, "ఉంటే తలుపు కొట్టు" అని సవాళ్లు విసరడం లాంటివి ఎవరైనా మొదలుపెడితే మీరు మాత్రం కలవకండి. మన ఊళ్లో నీళ్లలో పడి పోయిన పిల్లల పేర్లతో ఎవరైనా అలా ఆడితే ఊరుకుంటామా?

తిండి, ఆపైన

లోపల కడుపునిండా తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. పులిహోర, పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని వెళ్తే పక్కనే ఉన్న అనస్టేషియా స్టేట్ పార్క్‌లో హాయిగా తినొచ్చు. దానికి వేరే ప్రవేశ రుసుము ఉంటుంది. అక్కడే పాత కోకీనా గనులు చూడొచ్చు, టవర్ మీద నుంచి చూసిన కోట రాయి వచ్చింది అలాంటి చోటు నుంచే. ఎక్కలేక కింద ఉండిపోయిన పెద్దవాళ్లకు బీచ్ నడక ఇక్కడ సులువు. పిడుగుల వల్ల టవర్ మూసేస్తే వెంటనే ఇంటికి బయల్దేరకండి. కౌంటర్‌లో అడిగి, కీపర్ల ఇల్లు, మ్యూజియం ముందు చూసేయండి. ఫ్లోరిడా వాన చాలాసార్లు గంటలో తేలిపోతుంది, మెట్లు మళ్లీ తెరుస్తారు.